దేవుడి అరలో దాటిపోయిన ముప్పై రోజులు

ఆ కబురు మాకు మొదట తెచ్చింది కింది ఫ్లాటు ఆంటీ.

మంగళవారం, పదకొండు గంటలవేళ. ఇంగ్లండులో, రీడింగ్‌లోని మా వంటింట్లో నేను చారుకు చింతపండు నానబెడుతున్నాను. ఆంటీది గుంటూరు వైపు. కొడుకు దగ్గర ఉంటుంది. మామూలుగా మెట్ల మీదనుంచే మాట మొదలుపెట్టి, తలుపు తట్టకుండానే లోపలికి వచ్చేస్తుంది. ఆ రోజు మెల్లగా తట్టింది. వెనక్కి ఒకసారి చూసుకుని, శాలువా గట్టిగా పట్టుకుని లోపలికి వచ్చింది.

"అమ్మాయ్, ఇందాక ఎక్కడున్నావ్? ఇద్దరొచ్చి మీ బెల్లు కొట్టీ కొట్టీ పోయారు."

"స్నానం జేస్తున్ననేమో ఆంటీ. ఎవరంట?"

"పన్నుల ఆఫీసోళ్ళంట. మీ ఆయన్ని అడిగారు. నేను పిన్నినవుతాను, నాకివ్వండి అన్నా. ఇవ్వలా. తలుపు సందులో పెట్టి పోయారు. పక్కావిడ కంట పడితే ఇంకేమన్నా ఉందా? అందుకే తీసి దాచా." శాలువాలోంచి తెల్లటి కవరు తీసి బల్ల మీద పెట్టింది. "నాకు ఇంగ్లీషు రాదు గానీ వాళ్ళ మొహాలు చదవడం వచ్చు. ఇది మంచి కబురు కాదమ్మా."

మావారి పేరున్న కవరు నేను తెరవను. అమ్మాయి బడి నుంచి వచ్చేదాకా అది బల్ల మీదే ఉంది. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. బ్యాగు దించకుండానే కవరు చింపి చదివి, "మమ్, ఇట్స్ రియల్లీ బ్యాడ్" అంది. తరువాత నా ముఖం చూసి, ఎప్పుడూ లేనిది, తెలుగులో చెప్పడానికి ప్రయత్నించింది. "డాడీ మనీ దాచాడు అంటున్నారు. తెలిసీ దాచాడు అంట. ఏడు నెలల ముందే డిసైడ్ చేశారు. అప్పీల్ చేయడానికి ముప్పై రోజులు ఇచ్చారు. మనం చేయలేదు. ఇప్పుడు ఆ మనీ కోసం ఇంట్లో వస్తువులు రాసుకోవడానికి వస్తారు."

సాయంత్రం మావారు వచ్చి బూట్లు విప్పకుండానే నిలబడి చదివాడు. ఆయన పగలు ఒక కంపెనీలో పనిచేస్తాడు, శని ఆదివారాలు బయటివాళ్ళకు వెబ్‌సైట్లు చేసి పెడతాడు. ఆ చిన్న సంపాదనకు ఏటేటా లెక్క తనే పంపుతాడు. ఆ లెక్కలో చూపని డబ్బు ఆయన బ్యాంకు ఖాతాలో పడిందని, అది దాచిన ఆదాయమని ఆ కాగితం చెబుతోంది. ఏ నెలలో పడిందో ఉంది. ఆ నెల చూడగానే ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"ఇది ఆ పిల్ల పైసలే" అన్నాడు.

మేము అంతకుముందు కోవెంట్రీలో ఉండేవాళ్ళం. అక్కడ మా పక్కవీధిలో, ఎం.ఎస్. చదువుకోవడానికి నల్గొండ జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి మరో నలుగురితో కలిసి అద్దెగదిలో ఉండేది. ఒక శుక్రవారం తలనొప్పి అంది. ఆదివారానికి ఆసుపత్రిలో పోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. దేహాన్ని ఇంటికి పంపాలి. తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు, కార్డిఫ్ నుంచి, లండన్ నుంచి తలా కొంత పంపారు. ఎవరో ఒకరి ఖాతా చెప్పాలి కదా. "అన్నా, నీది ఇస్తం, నిన్ను అందరూ నమ్ముతరు" అని పిల్లలు అడిగారు. ఆయన సరేనన్నాడు. పెట్టెకు, విమానానికి పోగా మిగిలింది ఆమె చదువు కోసం తండ్రి చేసిన అప్పుకు పంపాం. ఆయన ఖాతాలో ఆ డబ్బు రెండు వారాలు కూడా లేదు.

"మరి అదే చెప్పండి వాళ్ళకు" అన్నాను.

"చెప్పనీకి టైమ్ ఇచ్చిన్రట. ముప్పై రోజులు. ఉత్తరం ఏసిన్రట. ఏదీ? మనకేం ఉత్తరం రాలే కదా?"

ఆ ప్రశ్న అడిగి ఆయన నా వైపు చూడను కూడా లేదు. కాగితంలోకే చూస్తున్నాడు. నేను హాల్లోని దేవుడి అర వైపు చూశాను.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను బడిలో చదువుకోలేదు. చిన్నప్పుడు ఆయాసం. నాలుగడుగులు నడిస్తే ఊపిరి అందేది కాదు. మా నాన్నే పొద్దున, సాయంత్రం వరండాలో కూర్చోబెట్టి పలక మీద దిద్దించాడు. నాకు వచ్చిన తెలుగు, లెక్కలు, స్తోత్రాలు, కూడబలుక్కుని చదివే ఇంగ్లీషు అన్నీ ఆ వరండా చలవే. మా ఇంటికి ఉత్తరం వస్తే నాన్న వెంటనే చింపేవాడు కాదు. దేవుడి ముందు పెట్టి, ఒక మూలన కుంకుమ అద్ది, దీపం వెలిగించాకే తీసేవాడు. "మంచిదైతే పొంగిపోకుండ, చెడ్డదైతే కూలిపోకుండ, చేతికి జర నిదానం వస్తది బిడ్డా" అనేవాడు. ఆ అలవాటు నాతోపాటు సముద్రాలు దాటింది.

ఏడు నెలల కిందట మామయ్యకు బాగాలేదని ఫోను వస్తే మావారు హుటాహుటిన హైదరాబాదు వెళ్ళాడు. ఆయన వెళ్ళిన మర్నాడు ఒక గోధుమరంగు కవరు వచ్చింది. ఆయన వచ్చి చింపుతాడని కుంకుమ పెట్టి దేవుడి పాదాల దగ్గర ఉంచాను. రెండో రోజు మామయ్య పోయాడు. ఇంటి పెద్ద పోతే ఏడాది తిరిగి సంవత్సరీకం అయ్యేదాకా దేవుడి అర తెరవకపోవడం మా అత్తింటి ఆనవాయితీ. అందరిళ్ళలో ఇలా ఉండదు. కొందరు పదమూడో రోజుకే తెరుస్తారు. మా అత్తమ్మ ఏడుస్తూనే ఫోనులో, "అర మూసినవా బిడ్డా?" అని అడిగింది. మూశానన్నాను. చిన్న చెక్క తలుపులు, వాటి మీద తెల్లగుడ్డ. దీపం వంటింటి కిటికీలోకి మార్చాను.

మూసేటప్పుడు కవరు లోపలే ఉందని నాకు గుర్తే. బయటికి తీయవచ్చా, ఒకసారి పాదాల దగ్గర పెట్టింది మైలచేత్తో తాకవచ్చా అని తటపటాయించాను. అడుగుదామంటే అత్తమ్మ ఉన్న స్థితిలో ఇదొక ప్రశ్నా! ఉండనీ, దేవుడి దగ్గర ఉన్నది ఎక్కడికి పోతుంది అనుకున్నాను. మూడు వారాలకు మరో కవరు వచ్చింది. దాన్నీ అక్కడికే చేర్చాలి కదా అని తలుపు తెరవకుండా, కింది సందులోంచి లోపలికి తోశాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా చేతివేళ్ళు నాకే పరాయివిగా కనిపిస్తాయి.

మావారు రెండు నెలలకు తిరిగివచ్చాడు. గుండు మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. మనిషి సగమయ్యాడు. ఆ మనిషికి అన్నం పెట్టడం, నిద్రపుచ్చడం తప్ప నాకు మరేదీ జ్ఞాపకం లేకపోయింది. తరువాత వచ్చిన ఇంకో కవరును ఆయనే చూసి, ఏటేటా వచ్చే లెక్క కాగితమే అనుకుని, "జూద్దాంలే" అని ఫ్రిజ్ మీద పడేశాడు.

ఆ సాయంత్రం ఇదంతా ఆయనకు చెప్పాను. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కాగితం మడిచి, "తెరువు" అన్నాడు.

"ఏడాది కాలేదు కదా?"

"నాయిన ఏమనుకోడు. తెరువు."

తెల్లగుడ్డ తీశాను. లోపల వాడిన పువ్వుల వాసన. రెండు కవర్లు. ఒకటి పాదాల దగ్గర, కుంకుమ బొట్టుతో ఉంది. రెండోది తలుపు దగ్గరే, ఎంత తోశానో అంతే దూరంలో అడ్డంగా పడి ఉంది. చింపి చదివాడు. అంతకు ముందే ఆ డబ్బు సంగతి అడుగుతూ ఒక ఉత్తరం పంపామని, జవాబు లేకపోవడంతో ఇలా నిర్ణయించామని ఉంది. ఆ అడిగిన ఉత్తరం కోవెంట్రీ ఇంటికి వెళ్ళింది. మేము మారాక కొత్త అడ్రసు వాళ్ళకు చెప్పడంలో మావారే ఆలస్యం చేశాడు. అంటే, అడిగింది మాకు చేరలేదు. నిర్ణయం చేరింది, నేను దాన్ని దేవుడి దగ్గర పెట్టి తలుపు వేశాను.

గడువు దాటిన అప్పీలును తీసుకోవాలంటే పన్ను తగాదాలు వినే ట్రైబ్యునల్ అనుమతి కావాలి. దానికి అర్జీ పెట్టుకున్నాం. అది తేలేదాకా వస్తువులు జప్తుకు రాసుకోవడానికి ఎవరూ రాలేదు. మావారు ఆ అమ్మాయి కాగితాలన్నీ వెతికి తీశాడు. ఆసుపత్రి ఇచ్చిన పత్రం, పెట్టె చేసినవాళ్ళ రసీదు, విమానం కాగితం, పంపినవాళ్ళ పేర్ల పట్టిక, డబ్బు ముట్టినట్టు ఆమె తండ్రి తన చేత్తో రాసి పంపిన కాగితం. నీలం ఫైలులో పెట్టి రబ్బరుబ్యాండు వేశాడు. ఆయన భయం వస్తువుల గురించి కాదు. "తెలిసీ దాచినవ్ అన్నరు జూడు, ఆ మాట పోవాలె. ఆ పిల్ల శవం మీద నేను పైసలు దాసుకున్నట్టు ఎక్కడో కాగితంల ఉండొద్దు" అనేవాడు. ఒక్కసారి తన మాట ఎవరో వినాలి. అంతే ఆయన కోరిక.

ఒక మధ్యాహ్నం ఆంటీ గోంగూర పచ్చడి తెచ్చి, సంగతి తెలుసుకుని నొసలు కొట్టుకుంది.

"పిచ్చిదానా, రాలేదని చెప్పు! పోస్టులో పోయిందని చెప్పు. ఈ దేశంలో మా వాడి పాస్‌పోర్టే పోయింది పోస్టులో. నీ కవరు పోదా?"

"వచ్చింది కదా ఆంటీ."

"ఎవడు చూశాడు?"

నేను దేవుడి అర వైపు చూశాను. ఆంటీ కూడా చూసింది.

"ఆయన వచ్చి సాక్ష్యం చెప్తాడా ఏంది?" అని నవ్వబోయి, ఆపేసింది. "అప్పీలుకి ముప్పై రోజులంటే సరే. దేవుడికి కూడా ముప్పై రోజులే గడువా, ఈ దొరల దగ్గర? పో, నీ ఇష్టం. కానీ అమ్మాయ్, నిజం చెప్పి మొగుణ్ణి ముంచావన్న మాట రేపు నీకు నువ్వే అనుకోకూడదు."

ఆ మాట ప్రేమతోనే అంది. అది నాలో దిగబడి అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఆంటీ లెక్క తప్పు కాదు. ఉత్తరం చేరలేదంటే మావారి మాట వినే అవకాశం పెరుగుతుంది. చేరిందంటే తగ్గుతుంది. అది చెప్పాల్సినదాన్ని నేను.

విచారణ రోజు పొద్దున రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. నీలం ఫైలు ఒళ్ళో ఉంది. నా హ్యాండ్‌బ్యాగులో కుంకుమ కవరు ఉంది. సగం దారిలో, "ఒకవేళ..." అని ఆగాడు. "ఏం లేదు. ఏది జరిగిందో అదే చెప్పు. నువ్వు ఇంకోటి చెప్పలేవు కూడ. నీ మొహంల దొరికిపోతవ్" అన్నాడు. కొంచెం నవ్వాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నేను ఆయనకు అంతగా రుణపడిన క్షణం మరొకటి లేదు.

లండన్‌లో ఒక పెద్ద ఆఫీసు భవనంలో మామూలు గది. కోర్టులా లేదు. బల్లకు ఒకవైపు జడ్జి, తెల్లజుట్టు ఆవిడ. ఇంకోవైపు పన్నుల ఆఫీసు తరఫున ఒక కుర్ర అధికారి. నా పక్కన నా మాటలను ఇంగ్లీషులోకి మార్చడానికి వచ్చిన దుబాసీ అమ్మాయి, విశాఖ మనిషి. ప్రమాణం ఎలా చేస్తారని అడిగితే, కవరు ఏ దేవుడి ముందు పెట్టానో ఆ దేవుడి మీదే చేస్తానన్నాను.

అన్నీ చెప్పాను. మైల అంటే ఏమిటో, అర ఎందుకు మూస్తామో ఇంగ్లీషులో చెప్పడానికి దుబాసీ అమ్మాయికి చాలాసేపు పట్టింది. జడ్జి తొందరపెట్టలేదు. కవరు చూపమంటే ఇచ్చాను. ఆవిడ దాన్ని అంచులతో పట్టుకుని, కుంకుమ చెదరకుండా చూసింది. అలా పట్టుకున్నందుకు ఆవిడకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

అప్పుడు అధికారి అడిగాడు. మర్యాదగానే అడిగాడు.

"ఆ తలుపులకు తాళం ఉందా అమ్మా?" దుబాసీ అమ్మాయి తెలుగులో చెప్పింది.

"లేదండి."

"అంటే, తెరవాలనుకుంటే తెరవగలిగేవారు."

"చెయ్యి పెడితే వస్తదండి. తీయబుద్ధి కాలే."

"మీ భర్త రెండు నెలలకు తిరిగి వచ్చారు. అప్పుడైనా చెప్పడానికి ఎవరూ అడ్డుపడలేదు కదా?"

"ఎవరు అడ్డుపడలే. యాదికి రాలే."

దుబాసీ అమ్మాయి ఆ చివరి మాట అనువదించేముందు ఒకసారి నా వైపు చూసింది. ఇంకేమైనా చెబుతానేమో అని కాబోలు.

తరువాత మావారి వంతు. ఫ్రిజ్ మీద పడేసిన కవరు సంగతి కూడా తనే చెప్పేశాడు. ఆపైన రబ్బరుబ్యాండు తీస్తూ, "మేడమ్, ఆ డబ్బు ఒక చనిపోయిన విద్యార్థినిది" అని మొదలుపెట్టాడు. జడ్జి చెయ్యి కొంచెం పైకెత్తింది. ఇవాళ తన ముందున్నది అప్పీలు ఎందుకు ఆలస్యమైందన్న ఒక్క సంగతేనని, డబ్బు ఎక్కడిదన్నది అనుమతి ఇస్తే ఆ రోజు వింటారని, ఆ వివరాల్లోకి ఇవాళ వెళ్ళలేనని చెప్పింది. దయగానే చెప్పింది. ఆయన ఫైలు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. రబ్బరుబ్యాండును వేలికి చుట్టుకున్నాడు. వేలి కొస తెల్లబడేదాకా చుట్టుకున్నాడు.

తీర్పు పోస్టులో వచ్చింది. ఈసారి దేవుడి దగ్గర పెట్టలేదు. గుమ్మంలోనే మావారి చేతికిచ్చాను. అమ్మాయి చదివి వినిపించింది. సాక్షి పూర్తి నిజాయితీతో మాట్లాడారని, ఆమె నమ్మకాన్ని గౌరవిస్తున్నానని జడ్జి రాసింది. అమ్మాయి అక్కడ ఆగి, "మమ్, షీ లైక్డ్ యూ" అంది. తరువాతి పేజీలో, ఉత్తరం చేరిందని సాక్షి స్వయంగా ఒప్పుకున్నారని, ఆలస్యం చాలా ఎక్కువని, చూపిన కారణం చాలదని, అనుమతి ఇవ్వడం లేదని ఉంది.

మేము ఎందుకు ఆలస్యమయ్యామో విన్నారు. ఏం చెప్పడానికి వెళ్ళామో మాత్రం ఎవరూ వినలేదు. నీలం ఫైలు వెళ్ళినట్టే తిరిగి వచ్చింది.

దానిమీద ఇంకా పైకి వెళ్ళవచ్చన్నారు. మావారు ఒక వారం ఆలోచించి, వద్దన్నాడు. ఇప్పుడు నెలనెలా కట్టుకుంటున్నాం. "తెలిసీ" అన్న మాట అలాగే ఉంది. ఆయన శని ఆదివారాల పని మానేశాడు. ఎవరైనా సాయానికి ఖాతా నంబరు అడిగితే ఆయన ముఖం పక్కకు తిప్పుకుంటాడు. నేను చూడగా ఆయనలో తగ్గిపోయింది ఆ సాయగుణం ఒక్కటే, కానీ ఆయనలో నేను ఎక్కువగా గౌరవించింది కూడా అదే. తీర్పు వచ్చిన మర్నాడు ఆంటీ వచ్చి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు నా పక్కన కూర్చుని కరివేపాకు దూసి, వెళ్ళిపోయింది. మొగుణ్ణి ముంచానన్న ఆ మాట నేను అప్పుడప్పుడు అనుకుంటూనే ఉంటాను. అబద్ధం చెప్పాల్సిందని మాత్రం ఇప్పటిదాకా అనుకోలేదు. కవరు వచ్చిన రోజునే నాన్న అలవాటును పక్కన పెట్టి ఉంటే అని మాత్రం రోజూ అనుకుంటాను.

సంవత్సరీకం అయ్యాక అర కడిగి, పసుపు రాసి, మళ్ళీ దీపం లోపలికి తెచ్చాను. ఉన్నవాటికి దండం పెట్టుకున్నాను. ఇల్లు ఉంది, అమ్మాయి ఉంది, ఆయన ఉన్నాడు. ఆ నీలం ఫైలును పాదాల దగ్గర పెట్టాను. దానికి గడువు లేదు.

ఏడాదికొకసారి, తన కూతురు పోయిన రోజున, నల్గొండ జిల్లా నుంచి ఆ తల్లి ఫోను చేస్తుంది. "నా బిడ్డను ఇంటికి తెచ్చిన కొడుకువు నువ్వు, సల్లగుండు" అని మావారిని దీవిస్తుంది. "అంతా మంచిగనే ఉన్నం అమ్మా" అంటాడు ఆయన. ఆమెకు ఈ సంగతి తెలియదు, తెలియకూడదు. అందుకే ఇక్కడ ఎవరి పేరూ రాయలేదు.

కోవెంట్రీలో ఆ అమ్మాయి ఆదివారాలు మా ఇంటికి వచ్చేది. చదువుకుంటూనే ముసలివాళ్ళను చూసుకునే కేర్‌హోమ్‌లో పని చేసేది. కేర్‌హోమ్ పనివేళలు ఫోనులో చూసుకుంటూ, "ఆంటీ, గంట టైముంది, తలకు నూనె పెడ్తవా?" అని నా ముందు నేల మీద కూర్చునేది. పెడుతుంటేనే నిద్రపోయేది. తల నా మోకాలి మీదికి ఒరిగేది. లేపితే, "నిద్ర పోలే, కండ్లు మూసుకున్న" అని దబాయించేది. మామిడికాయ పచ్చడి అన్నంలో కలపకుండా వేలితో నాకేది. కేర్‌హోమ్‌లో ఒక ముసలావిడకు "అవ్వా" అని పిలిస్తే పలకడం నేర్పించిందట. ఆ ఇంగ్లీషు అవ్వ కూడా అందరితోపాటు డబ్బు పంపింది. పట్టికలో ఆమె పేరూ ఉంది.

ఇవన్నీ ఆ గదిలో చెప్పాలనుకున్నాం. చెప్పనియ్యలేదు. చదివినవాళ్ళు ఈ రోజు దీపం పెట్టేటప్పుడు, లేదా మరేది చేస్తున్నా సరే, ఒక్క నిమిషం ఆ అమ్మాయిని తలుచుకోండి. అంతకంటే అడగను.